ఆఁ అంటే అవునని కాదు

నొప్పి పుడితే ఎడమ చెయ్యి ఎత్తండి సార్ అన్నాడు పళ్ళ డాక్టరు. ఎప్పుడన్నాడంటే, నా నోట్లో రెండు దూది ఉండలు కుక్కి, పళ్ళు మూతపడకుండా వెనకాల ఒక రబ్బరు దిమ్మ దూర్చి, కింది పెదవి మూలన గురగురమంటూ ఉమ్మి పీల్చే గొట్టం తగిలించాక. ఎడమ చెయ్యే ఎందుకంటే కుడి పక్కన ఆయన కూర్చుంటాడు, కుడి చెయ్యి లేస్తే ఆయన మోచేతికి తగిలి చేతిలోని పన్ను తొలిచే మర ఎటు పోతుందో ఆయనకే తెలియదట. ఇదంతా నవ్వుతూనే చెప్పాడు. సరే అందామనుకున్నాను, ఆఁ అని వచ్చింది. నోరు బార్లా తెరిచినవాడు అనగలిగింది అదొక్కటే. ఊఁ అనాలంటే పెదవులు దగ్గరికి రావాలి. కాదు అనాలంటే నాలుక లేవాలి, నా నాలుకని నర్సమ్మ చిన్న అద్దంతో ఓ పక్కకి నొక్కి పట్టుకుని ఉంది. ఇక మిగిలింది ఆఁ. మన భాషలో ఆఁ అంటే అవును, ఆఁ అంటే ఏమిటీ, ఆఁ అంటే నిజమా, ఆఁ అంటే చాల్లే ఊరుకో, ఆఁ అంటే చచ్చాన్రా దేవుడా. ఎదుటివాడు మన కనుబొమలు చూసి, మెడ చూసి అందులోంచి ఒకటి ఏరుకుంటాడు. దీపం గుచ్చుకోకుండా నా కళ్ళకి నల్లద్దాలు పెట్టారు, మెడని దిండులోకి బిగించారు. కుడి జేబులో ఫోను ఉంది, మోగకుండా వణికేలా పెట్టాను. అది వణకాలి. వణికి, ఓడ క్షేమంగా ఉందని ఎవరో ఒకరు చెప్పాలి. అంతవరకు ఈ పన్ను ఉన్నా ఒకటే ఊడినా ఒకటే.

ఓడ అంటే నాది కాదు, మా తోడల్లుడిది. ఆయనదీ కాదు, ఆయన, అంటే మా ఆవిడ చెల్లెలి మొగుడు, అందులో ఇంజనీరు. పన్నెండు రోజుల కిందట రెండు దేశాలు, వాటిలో ఏదీ మనది కాదు, తమ మధ్యనున్న ఇరుకు సముద్రం కోసం క్షిపణులు వేసుకోవడం మొదలుపెట్టాయి. ఆ ఇరుకు వైపే ఎరువుల సరుకుతో వెళ్తోంది మా వాడి ఓడ. ఓడలు ఎక్కడున్నాయో ఫోన్లో చూసుకునే ఏర్పాటు ఒకటుంది, నీలం మీద చిన్న ఆకుపచ్చ బాణం. మా మరదలు ఆ బాణాన్ని ఊయల్లో పిల్లని చూసుకున్నట్టు చూసుకునేది. నాలుగు రోజుల కిందట బాణం మాయమైంది. ఆ సాయంత్రమే చిన్న సంచీతో మా ఇంటికొచ్చి, అక్కా చార్జర్ ఉందా అని అడిగింది. అప్పటినుంచి ఆ చార్జర్ వైరు పొడవు దాటి కదల్లేదు. నేను ముందు గదిలోంచి వెనక గదిలోకీ, వెనక గదిలోంచి ముందు గదిలోకీ చెంప పట్టుకుని తిరుగుతున్నాను. మా ఆవిడ చూసి చూసి, మీరిలా మూలుగుతూ తిరుగుతుంటే దాని గుండె జారిపోతోంది, ముందెళ్ళి ఆ పన్ను సంగతి తేల్చుకోండి అని చెప్పులు తెచ్చి కాళ్ళ ముందు పడేసింది. ఇంట్లో బాధపడే హక్కు ఎవరికి ఎంత అన్నది మా ఆవిడే నిర్ణయిస్తుంది. నాకు ఇవాళ్టికి ఆ కోటా అయిపోయినట్టుంది.

ఈ పన్ను కూడా యుద్ధంలోనే పోయింది, ఆ మాటకొస్తే. ఏ కంపెనీ షేర్లు కొనాలో, ఏవి వదిలించుకోవాలో చెబుతూ నివేదికలు రాయడం నా ఉద్యోగం. మొదటి క్షిపణి పడిన రోజు మార్కెట్ తెరిచేసరికి నా నోట్లో పెన్ను మూత ఉంది. తెర మీద అంకెలన్నీ ఒక్కసారి ఎర్రబడ్డాయి, నా పళ్ళు బిగుసుకున్నాయి, టక్కున చప్పుడైంది. పెన్ను మూతకి ఏమీ కాలేదు. మా ఆఫీసు పెద్దాయన్ని వెనకాల మేము చూద్దాంగారు అంటాం, ఏది అడిగినా చూద్దాం అంటాడు కాబట్టి. ఆ రోజు మాత్రం చూద్దాం అనలేదు, మధ్యాహ్నానికల్లా నివేదిక కావాలన్నాడు. పగిలిన పన్ను నాలుకతో తడుముకుంటూ పద్నాలుగు రంగాలకు పైకో కిందికో బాణాలు వేశాను. చమురు పైకి. చమురు తాగే విమానాలు కిందికి. గోడలకు వేసే రంగుల్లోనూ చమురే ఉంటుంది కాబట్టి రంగుల కంపెనీలు కిందికి, టైర్లూ అంతే. ఎరువులు పైకి. ఎరువులు కొనుక్కునే రైతుకి బాణం లేదు, ఆయన ఏ మార్కెట్లోనూ నమోదు కాలేదు. బంగారం పైకి, అది ఎవరు తుమ్మినా పైకే. ఆయుధాలవాళ్ళు పైకి, సిగ్గూ శరమూ లేకుండా. సిమెంటు దగ్గర కాసేపు ఆగాను. ఇళ్ళు కూలుతున్నంతసేపూ కిందికి, కూలడం ఆగాక పైకి, అందుకని దానికి అడ్డంగా ఒక పసుపు బాణం గీశాను. బిస్కెట్లకి ఏ బాణమూ లేదు, ప్రపంచం ఏమైనా జనం టీలో ఏదో ఒకటి ముంచుకుంటూనే ఉంటారు. ఓడల రంగానికి ఆకుపచ్చ బాణం, పైకి. చాలా బాగా రాశావయ్యా అన్నాడు చూద్దాంగారు, ఇరవై ఏళ్ళలో మొదటిసారి.

ఇక్కడికొచ్చి ఫారంలో వృత్తి అన్నచోట నిజం రాశాను, అదీ నేను చేసిన తప్పు. డాక్టరు ఆ ఫారం చదవడం, ఆయన మొహం వెలగడం, నా నోట్లో దిమ్మ దూర్చడం ఒకదాని వెంట ఒకటి జరిగిపోయాయి. ఎలాగూ ఖాళీగానే ఉన్నారు కదా సార్ అని మొదలుపెట్టాడు. ఖాళీగా ఉండటమంటే ఇదా. ఆయన దగ్గర విమానాల కంపెనీ షేర్లు ఉన్నాయట, ఎప్పుడో కుటుంబమంతా విహారానికి వెళ్ళినప్పుడు విమానంలో ఇచ్చిన దుప్పటి నచ్చి కొన్నాడట. ఇప్పుడు అమ్మేయమంటారా అని అడిగాడు. డాక్టరుగారూ, పడాల్సింది ఎప్పుడో పడిపోయింది, ఇప్పుడు అమ్మితే నష్టం చేతిలో పెట్టుకుని ఇంటికి పోవడమే, కదలకుండా కూర్చోండి, అని చెప్పడానికి నేను మొత్తం ఊపిరి కూడదీసుకున్నాను. ఆఁ అని వచ్చింది. అనుకున్నా సార్ అన్నాడు. చేతి తొడుగులు విప్పాడు, ఫోను నొక్కాడు, కొత్త తొడుగులు వేసుకున్నాడు. నర్సమ్మ పాత తొడుగుల్ని మూడు వేళ్ళతో ఎత్తి బుట్టలో వేసింది. ఇరవై ఏళ్ళుగా నా నివేదికలు చదివి డబ్బు పెట్టినవాళ్ళు కూడా ఇలాగే విన్నారేమో, నేను ఆఁ అంటే వాళ్ళకి కావలసిన ఆఁ వాళ్ళు తీసుకుని వెళ్ళిపోయారేమో అనిపించింది.

మర తిరుగుతోంది. నొప్పి లేదు గానీ చప్పుడు పుర్రెలోపలే పుడుతోంది. ఓడ ఇంజను గదిలో ఇంతకంటే ఎక్కువ చప్పుడట, తోడల్లుడు చెప్పేవాడు, అక్కడ పనిచేసేవాళ్ళు ఇంటికొచ్చినా అరిచినట్టే మాట్లాడతారట. నిజమే, ఉప్పు అందుకోమన్నా ఓడ మునిగిపోతున్నట్టు అడుగుతాడు. సెలవుకి వస్తే మూడు నెలలూ కథలే. తుఫానులో బీరువా నడిచొచ్చిన కథ, నిద్రలో నడిచే కెప్టెన్ కథ, పిల్లి కథ. పదకొండేళ్ళుగా భోజనాల బల్ల దగ్గర నేను ఒక చేత్తో తింటూ, రెండో చేత్తో బల్ల కింద ఫోన్లో మార్కెట్ చూసుకుంటూ ఊఁ కొడుతున్నాను. ఊఁ కొట్టడం మన ఒంట్లో ఊపిరి తియ్యడం లాంటిది, మెదడు అవసరం లేదు. కథ చెప్పేవాడు ఎక్కడ ఆగుతాడో చెవికి తెలుస్తుంది, అక్కడ పెదవులు కలుస్తాయి, ఊఁ, ఆయన ముందుకి పోతాడు. ఎంత నేర్పుగా కొట్టేవాణ్ణంటే, బావగారు ఎంత శ్రద్ధగా వింటారో అని మా మరదలు మెచ్చుకునేది. మా ఆవిడ మాత్రం నా కంచంలో పెరుగు కాస్త తక్కువగా వేసేది.

డాక్టరు మళ్ళీ మొదలుపెట్టాడు. రంగుల కంపెనీలు చవగ్గా దొరుకుతున్నాయి సార్, యుద్ధానికీ గోడలకీ ఏం సంబంధం, కొన్ని కొనేయనా అన్నాడు. సంబంధం ఉందయ్యా మహానుభావా, నాలుగో పేజీ అంతా అదే రాశాను. ఆఁ అంటే కొనేస్తాడు. అందుకని ఈసారి తెలివిగా ఎడమ చెయ్యి ఎత్తాను, వద్దని. అయ్యో, నొప్పా అని ఆయన గబగబా సూది అందుకుని చిగురులో ఇంకో మోతాదు మత్తు దించాడు. కింది పెదవి నాది కాకుండా పోయింది. రెండు నిమిషాలాగి, ఇప్పుడు నొప్పి లేదు కదా అన్నాడు. ఆఁ అన్నాను, లేదనే అర్థంలో, ఈసారి నిజంగానే. అయితే కొనేస్తున్నా సార్ అన్నాడు. ఇంకో జత తొడుగులు బుట్టలో పడ్డాయి. ఈయనకి ఇవాళ రంగానికొక జత ఖర్చయ్యేలా ఉంది, చేతి తొడుగుల కంపెనీకి నేను బాణమే వెయ్యలేదు, చూశారా, ఎంతటి నిపుణుడికైనా ఏదో ఒకటి తప్పిపోతుంది. నర్సమ్మ నా వంక ఒకసారి చూసింది. నల్లద్దాల వెనక నా కళ్ళు ఆవిడకి కనబడే అవకాశం లేదు, అయినా ఏదో అర్థమైనట్టే చూసింది.

రెండు నెలల కిందట, సెలవు అయిపోవచ్చే రోజుల్లో ఒకనాడు, తోడల్లుడు పిల్లి కథ మధ్యలో ఆపి గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గించడమే ఒక వింత, అప్పుడైనా నేను తలెత్తాల్సింది. అన్నయ్యా, ఆ ఇరుకు దారిన వెళ్ళే ఓడకి రమ్మంటున్నారు, జీతం ఒకటిన్నర రెట్లు, నీకు ఇవన్నీ తెలుసు కదా, అక్కడ గొడవలు వస్తాయంటావా, వెళ్ళొచ్చంటావా, అని అడిగాడు. నేను ఒక సిమెంటు కంపెనీ మూడు నెలల లాభాలు చూస్తున్నాను. ఊఁ అన్నాను. గొడవలు వస్తాయంటావా, ఊఁ. వెళ్ళొచ్చంటావా, ఊఁ. రెండు ప్రశ్నలకి కలిపి ఒక్క ఊఁ, అదీ సిమెంటుకి చెందిన ఊఁ. ఆయన కాసేపు కూర్చుని, సరే అయితే అని లేచి చెయ్యి కడుక్కున్నాడు. వారం తిరక్కుండా వెళ్ళిపోయాడు. ఏం అడిగాడో కూడా నాకు తెలిసేది కాదు, ఓడ ఎక్కే రోజు నువ్వు ఊఁ అన్నావు కదా అన్నయ్యా, ఇక దిగులు లేదు అని మెసేజ్ పెట్టకపోయి ఉంటే. ఈ ఊఁ సంగతి నాకూ ఆయనకీ తప్ప ఎవరికీ తెలియదు. ఆయన తిరిగి రాకపోతే నాకొక్కడికే తెలుస్తుంది. అది తలుచుకుంటే మత్తు లేనిచోట్లన్నీ ఒకేసారి నొప్పి పెడుతున్నాయి.

పిల్లి కథ ఏమిటంటే, మా వాడి పాత ఓడలో ఒక పిల్లి ఉండేది. ఏ రేవులో ఓడ ఆగినా దిగి ఊళ్ళోకి పోయేది, ఓడ కదిలేముందు ఎలా తెలిసేదో ఏమో, నిచ్చెన ఎత్తే వేళకి వచ్చి ఎక్కేసేది. ఒకసారి ఒక రేవులో దిగింది. నిచ్చెన ఎత్తే వేళయినా రాలేదు. ఇంతవరకు నాకు వచ్చు, కనీసం పదకొండుసార్లు విన్నాను. తరవాత ఏమైందో మాత్రం నాకు తెలియదు. ప్రతిసారీ సరిగ్గా అక్కడికొచ్చేసరికి ఏదో ఒక కంపెనీ ఏదో ఒకటి చేసేది, నేను బల్ల కిందికి చూసేవాణ్ణి, తల ఎత్తేసరికి అందరూ నవ్వుతూనో కళ్ళు తుడుచుకుంటూనో ఉండేవాళ్ళు. నవ్వేవాళ్ళా, తుడుచుకునేవాళ్ళా. మర ఆగింది, నోట్లోకి చల్లటి నీళ్ళు చిమ్మాడు, మళ్ళీ మర. నవ్వేవాళ్ళనే అనుకుంటున్నాను. మా ఆవిడ నవ్వినట్టు గుర్తు. కానీ మా ఆవిడ వేరే దేనికో కూడా నవ్వి ఉండొచ్చు, నా మొహం చూసి కూడా నవ్వుతుంది. నాలుగు రోజులుగా నాకు ఆ పిల్లి తప్ప వేరే ధ్యాస లేదు. మరదల్ని అడగొచ్చు, పిల్లి వచ్చిందా అమ్మా అని. అడిగితే పదకొండేళ్ళ ఊఁ బండారం బయటపడుతుంది. అంతకంటే, ఈ పరిస్థితుల్లో ఆ పిల్లను ఆ ప్రశ్న ఎవరడుగుతారు.

జేబులో ఫోను ఒక్కసారి వణికి ఊరుకుంది. ఒక్కసారంటే మెసేజ్. తెలియకుండానే ఎడమ చెయ్యి లేచింది, ఇంకో సూది దిగింది. ఇప్పుడు గడ్డం, ముక్కు కొస, కుడి చెవి కింది సగం కూడా పోయాయి. మెసేజ్ చూద్దాంగారిదే అయి ఉంటుంది, ఓడల బాణం అలాగే ఉంచుదామా అని పొద్దుటినుంచి అడుగుతున్నాడు. చెడ్డ కబురు మెసేజ్‌లో రాదు, ఫోను చేసే చెబుతారు అనుకున్నాను. అలాగని ఎక్కడా రాసి లేదని కూడా అనుకున్నాను. రాసినవన్నీ నిజాలా అంటే, అదీ కాదు. నా నివేదిక ఏడో పేజీలో అడుగున చిన్న అక్షరాల్లో నేనే రాశాను, ప్రమాదం ఉన్నచోట ఓడలు మ్యాపులో కనబడకుండా పోవడానికి రెండు కారణాలు ఉంటాయని. శత్రువుకి చిక్కకుండా తామే సిగ్నల్ ఆపేసుకోవడం ఒకటి. మరదలికి ఆ ఒకటే చెప్పి రెండోది మింగేశాను. ఈ మధ్యాహ్నం ఆవిడే తన ఫోన్లో ఆ నివేదిక తెరిచి నన్ను దగ్గరికి పిలిచింది. ఎవరో ఎవరికో పంపగా తిరిగి తిరిగి ఆవిడ ఫోనుకే చేరిందట, ఇంటిపేరు చూసి చదివిందట. ఓడల రంగం దగ్గర వేలు పెట్టి చదివింది, ఉద్రిక్తతలు కొనసాగడం ఈ రంగానికి సానుకూలం. చదివి నా మొహంలోకి చూసింది.

"సానుకూలం అంటే మంచిదనే కదా బావా?"

కోపంగా అడిగినా బాగుండేది. తెలియక అడిగింది, పిల్లలు అడిగినట్టు. మార్కెట్ భాషలో అమ్మా, అని మొదలుపెట్టాను. మా ఆవిడ చెప్పులు తెచ్చి పడేసింది సరిగ్గా అప్పుడే. నా భార్య నన్ను చాలాసార్లు కాపాడింది, ఎప్పుడూ చెప్పులతోనే ఎందుకు కాపాడుతుందో తెలియదు. ఏమిటి సానుకూలం. ఇరుకు మూసుకుంటే ఓడలు చుట్టుదారి పట్టాలి, చుట్టుదారికి రోజులు ఎక్కువ, రోజులు ఎక్కువైతే ఖాళీ ఓడలు దొరకవు, దొరికిన ఓడవాడు అడిగినంత కిరాయి ఇవ్వాలి. ఓడలు తిరగలేకపోతే ఓడలున్నవాళ్ళకి లాభం, ఎంత చక్కటి సంగతి, రాసేటప్పుడు నా తెలివికి నేనే మురిసిపోయాను. ఓడల్లో ఉన్నవాళ్ళ సంగతి రాయడానికి ఆ పట్టికలో గడి లేదు. అప్పటికి బాణం ఇంకా మ్యాపు మీదే ఉంది, అది కూడా ఆకుపచ్చదే, నేను వేసినదీ ఆకుపచ్చదే, రెండూ ఒకే ఓడ గురించి అన్నది నా బుర్రకి తట్టలేదు. ఛీ, వెధవ బతుకు అనిపించింది, ఆ మాట కూడా నోట్లో దిమ్మకి తగిలి ఆఁ అని బయటికొచ్చింది. ఇంకెంతసేపు సార్, అయిపోవచ్చింది అన్నాడు డాక్టరు.

అయిపోవచ్చింది గానీ మార్కెట్ మూసేలోపు ఇంకొకటి అడగాలట. అందరూ ఓడలు ఓడలు అంటున్నారు సార్, రంగుల్లో వేసింది కాక ఇంకా కొంత డబ్బు ఉంది, ఓడల్లో పెట్టేస్తే ఎలా ఉంటుందంటారు అన్నాడు. ఏదో ఒక అవయవంతో వద్దనాలనిపించింది. నా నివేదిక ప్రకారం చూస్తే అవుననాలి. ఆయనకి లాభం వస్తుంది కూడా, ఆ పట్టిక తప్పు కాదు, అదే నా ఏడుపు. వద్దనడానికి నా దగ్గర ఒక్క కారణమూ లేదు, ఒక మనిషి తప్ప. ఎడమ చెయ్యి ఎత్తితే సూది. ఆఁ అంటే ఓడలు. ఏమీ అనకుండా బిగదీసుకుని పడుకున్నాను. మౌనంగా ఉన్నారంటే ఒప్పుకున్నట్టే కదా సార్ అని ఆయన తొడుగులు విప్పాడు, ఫోను తీసుకున్నాడు, సరిగ్గా అప్పుడు నా జేబు వణకడం మొదలుపెట్టింది. ఒకసారి కాదు, ఆగకుండా. నేను ఎత్తకూడని కుడి చెయ్యే ఎత్తాను. అది గొట్టానికి తగిలింది, పళ్ళెం కింద పడింది, చిన్నా పెద్దా సామానంతా గచ్చు మీద చెల్లాచెదురైంది. నర్సమ్మ ఏమీ అడగకుండా నా జేబులో చెయ్యిపెట్టి ఫోను తీసి, స్పీకరు నొక్కి, నా గుండెల మీద పెట్టింది. ముందు గాలి చప్పుడు, తరవాత ఓడ మునిగిపోతున్నంత గట్టిగా ఒక గొంతు.

"అన్నయ్యా, నేనే. వినబడుతోందా?"

ఆఁ అన్నాను. అది నా చెవులకే ఏదో జంతువు అరిచినట్టు వినబడింది. ఎవరండీ మీరు అని అడిగింది ఫోను, కాసేపాగి, శాటిలైట్ ఫోను కాబట్టి అన్నీ కాసేపాగి వస్తున్నాయి. సార్ పంటికి మర వేయించుకుంటున్నారండీ, మీరు చెప్పండి, వింటారు అంది నర్సమ్మ. ఆయన చెప్పాడు. అందరూ క్షేమం. కెప్టెన్ సిగ్నల్ ఆపేసి, దీపాలన్నీ ఆర్పేసి, వెనక్కి తిప్పి చుట్టుదారి పట్టించాడు, అందుకే నాలుగు రోజులు కబురు లేదు, ఇంటికి చేరడానికి ఇంకో ఇరవై రెండు రోజులు ఎక్కువ పడుతుంది. మరదలి ఫోను ఎప్పుడు చేసినా ఎంగేజ్, వదినదీ ఎంగేజ్, ఇద్దరూ ఒకళ్ళకొకళ్ళు చేసుకుంటున్నారా అన్నాడు. అక్కాచెల్లెళ్ళు నాలుగు రోజులుగా ఓడ కంపెనీ ఆఫీసుని నిద్రపోనివ్వడం లేదని చెప్పడానికి నాకు నోరు లేదు. డాక్టరు వేలు ఓడల షేర్ల మీద ఉన్నది ఉన్నట్టే ఆగిపోయింది. ఫారం అందుకుని, అందులో మా ఆవిడ నంబరు చూసి, షేర్లు కొనబోతున్న ఫోనుతోనే కలిపాడు. రెండుసార్లు ఎంగేజ్. మూడోసారి మా ఆవిడ ఎత్తింది. నర్సమ్మ రెండు ఫోన్లనీ నా గుండెల మీద ఎదురెదురుగా పెట్టింది, తలా తోకా తిప్పి. నా మీదుగా మా మరదలు అడిగింది.

"తిన్నావా?"

కాసేపాగి, తిన్నాను అని వచ్చింది. నువ్వు, అని వచ్చింది. ఇటునుంచి ఏడుపే తప్ప ఇంకేమీ పోలేదు. నాకైతే గుండె మీద ఇద్దరు మనుషులు కూర్చున్నంత బరువుగా ఉంది, ఆ బరువు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. డాక్టరు గోడ గడియారం చూసి, మార్కెట్ మూసేశారు అని తనలో తాను అనుకుని, కింద పడ్డ సామాను ఏరడానికి వంగాడు. ఫోన్లో తోడల్లుడు, అన్నయ్యా ఉన్నావా, నీకో మాట చెప్పాలి అన్నాడు. దీపాలు లేకుండా నాలుగు రాత్రులు కూర్చుంటే అన్నీ గుర్తొస్తాయట. నా సంగతి కూడా గుర్తొచ్చిందట.

"వెళ్ళొచ్చా అని నిన్ను అడిగితే ఊఁ అన్నావు చూడు, ఆ ఊఁ మనసులో పెట్టుకోకు. పదకొండేళ్ళుగా వింటున్నా, నీ ఊఁ నాకు తెలియదా? నువ్వు వినట్లేదని అప్పుడే తెలుసు. నా అంతట నేనే వెళ్ళా. మెసేజ్ ఊరికే నిన్ను ఆటపట్టించడానికి పెట్టా."

పదకొండేళ్ళు. బల్ల కింద ఫోను సంగతి బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరికీ తెలుసన్నమాట. నల్లద్దాల కిందనుంచి నీళ్ళు జారి చెవుల్లోకి పోతున్నాయి, కుడి చెవికి తెలియడం లేదు. డాక్టరు లేచి, అయ్యో ఇంకా నొప్పేనా సార్ అని సూది అందుకున్నాడు. నొప్పి కాదు డాక్టరుగారూ, అది పక్కన పెట్టండి అంది నర్సమ్మ, ఆ గంటలో ఆవిడ ఆయనకి చెప్పిన మొదటి మాట. ఇంకో నిమిషమే ఉంది, తరవాత వేరేవాళ్ళకివ్వాలి, ఏం చెప్పను అని తోడల్లుడు వెతుక్కున్నాడు, ఎంత దూరంలో ఉన్నా ఖాళీగా నిమిషం వదలడు కదా. ఆ పిల్లి కథ ఉంది చూశావా అన్నాడు, నవ్వుతున్నట్టే ఉంది. నిచ్చెన ఎత్తేస్తున్నారు, పిల్లి రాలేదు, కెప్టెన్ గడియారం చూశాడు, అని ఆగాడు. ఆయన ఎప్పుడూ అక్కడే ఆగుతాడు. ఊఁ అనేదాకా ముందుకి పోడు. అటువైపు మా మరదలూ ఏడుపాపి ఆగింది, మా ఆవిడ కూడా ఆగే ఉంటుంది. నేను గొట్టం లాగి పారేశాను, నోట్లో వేళ్ళు పెట్టి దిమ్మ పీకేశాను, దూది ఉమ్మేశాను. పెదవులు కలపబోతే కలవలేదు, ఎక్కడున్నాయో కూడా తెలియడం లేదు. బొటనవేలితో కింది పెదవిని, చూపుడు వేలితో పై పెదవిని వెతికి పట్టుకుని, రెండింటినీ దగ్గరికి తెచ్చి గట్టిగా నొక్కి, ఊఁ అన్నాను.